కుడిపక్క పట్టీ

మా అంగట్లో ఒక ఇనుప గొట్టం ఉండేది. మూరెడు పొడవు, కొన పదును, ఒక పక్క పొడుగునా చీలి ఉంటుంది. మూటలోకి గుచ్చి బయటికి లాగితే లోపలి గింజలు ఆ చీలికలో కూర్చుని వస్తాయి. మూట విప్పకుండానే సరుకు తెలిసిపోతుంది. నేను కాపురానికి వచ్చిన వారంలోనే మా అత్త ఆ గొట్టం నా చేతికిచ్చి ఒక్క మాట చెప్పింది. "పైన గుచ్చితే అమ్మేవాడు చూపించేదే కనపడతాది. అడుగున గుచ్చు." నలభై ఏళ్లకు పైగా కోయిలకుంట్లలో శనగలు, జొన్నలు, కొర్రలు, ధనియాలు కొన్నాను. ప్రతి మూటా అడుగునే గుచ్చాను. తడిసిన సరుకు పెట్టి నా చేత కొనిపించిన మనిషి లేడు. ఇది గొప్పకు చెప్పడం లేదు. ఒక్కసారి అడుగు చూడకుండా, పైపైన చూసి, ఒక ఆడపిల్ల పెళ్లి చెడగొట్టాను. అది ఎట్లా జరిగిందో రాస్తున్నాను.

నా చదువు మూడో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషు అక్షరం ముఖం తెలియదు. అంగడి మా కొడుకు చూసుకుంటాడు గాని ఇంట్లో మాట నాది. ఏ గదిలో లైటు వెలగాలో, పండక్కి ఎన్ని కొబ్బరికాయలు కొట్టాలో నేనే చెబుతాను. పిసినారి అంటారు. అననీ.

మా మనవడు ఇంజనీరింగు చదివి హైదరాబాదులో ఒక కంపెనీలో చేరాడు. చేతి ఫోన్లు మా ఊరికి వచ్చి రెండు మూడేళ్లయిన రోజులవి. వాడి ఉద్యోగం ఏమిటని చుట్టాలు అడిగితే చెప్పడం నాకు చేతనయ్యేది కాదు. సెలవుకు వచ్చినప్పుడు నిలదీశాను.

"ఏమప్పా, ఏం చేస్తాండావు ఆడ? జీతం దేనికిస్తాండారు?"

"కంప్యూటర్లో ఇంటర్నెట్ పేజీలు చూస్తారు గదా జేజీ. అవే పేజీలు ఫోన్లో కనపడేటట్ల చేస్తాండాం."

వాడి నాయన తల్లిని గనుక నన్ను జేజీ అంటాడు.

"కంప్యూటరు టీవీ అంత ఉంటాది. ఇది అగ్గిపెట్టంత ఉండాది. దీంట్లో ఎట్ల పడతాది?"

"అదే మా తిప్పలు."

ఆ తిప్పలు మిద్దె మీద కూర్చోబెట్టి చూపించాడు. కింద ఇంట్లో సిగ్నలు అందేది కాదు. మీట నొక్కితే నేను వక్క నమిలి ఉమ్మేంత సేపటికి సగం పేజీ వచ్చింది. బొమ్మలు ఎక్కువైతే ఫోను ఉడకబెట్టిన గెనుసుగడ్డ మాదిరి వేడెక్కి ఆగిపోయేది. మళ్లీ మొదటి నుంచి. ఒక్క అక్షరం రాయాలంటే అదే మీటను మూడుసార్లు నొక్కాలి. పేజీని ఉన్నదున్నట్లు పెడితే మరీ అన్యాయం. మా మిద్దెకు వెలుతురు కోసం వదిలిన బొక్కను గవాచి అంటాం. పైనుంచి దాంట్లోకి తొంగి చూస్తే పొయ్యి కనపడుతుంది, పొయ్యి ముందు కూర్చున్న మనిషి కనపడదు. ఫోన్లో పేజీ అట్లే ఉండేది. ఒక మూల కనపడుతుంది. తక్కింది చూడాలంటే పక్కకు లాగాలి, ఇంకా పక్కకు లాగాలి, కిందికి లాగాలి. అంతలో మొదట చూసింది మరిచిపోతాం. పోనీ పేజీని కుదిద్దామంటే అక్షరాలు గసగసాలయ్యేవి.

ఒక తెలుగు పేజీ తియ్యమన్నాను. తెర నిండా చిన్న చిన్న డబ్బాలు వరసకట్టి నిలబడ్డాయి. ఒక్క అక్షరం లేదు.

"నా అక్షరాలేవిరా?"

"దీనికింకా తెలుగు నేర్పల్యా జేజీ."

"నేను మూడేండ్లలో నేర్చుకున్యా. ఇంతమంది చదువుకున్నోళ్లు ఉండి దీనికి నేర్పలేకపోతిరా?"

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

కానీ వాడి పని నాకు అర్థమైంది. నా చిన్నప్పుడు మా నాయనకు అంగడి లేదు. మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఉప్పు, చింతపండు, దారపుండలు పల్లెపల్లె తిప్పి అమ్మేది. తెల్లవారుజామున గంప సర్దేటప్పుడు ఆమె చెయ్యి సరుకు మీద ఆగేది, తీసేది, మళ్లీ ఆగేది. వాడికి అదే చెప్పాను.

"పెద్ద అంగడిని గంపలోకి ఎక్కించేదే గదరా ఇది. గంపలో ఏం పెట్టల్లో ఎవరైనా చెప్తారు. ఏది ఇంట్లో వదిలిపెట్టల్లో తెలిసినోడే వ్యాపారి. అడగని సరుకు నెత్తిన మొయ్యొద్దు."

"మేమూ అదే అనుకుంటాండాం జేజీ. శానా పేజీల్లో కుడిపక్క సన్నంగా ఒక పట్టీ ఉంటాది. దాంట్లో ఎప్పుడూ ప్రకటనలే. ఆ పట్టీని తీసేసి నడిమిది ఒకటే చూపిస్తే ఫోన్లో బాగా కుదురుకుంటాది. ఆ పని నాకే ఇచ్చినారు."

"పారెయ్యి. బరువు."

తరువాత ఆర్నెల్లకు వచ్చినప్పుడు వాడి చేతిలో కొత్త ఫోను ఉంది. అందులో వాళ్లు చేసినది ఎక్కించి తెచ్చాడు. పేజీ తెరకు సరిగ్గా అతికినట్లు వచ్చింది. పక్కకు లాగే పని లేదు. పైనుంచి కిందికి జరుపుకుంటూ పోతే చాలు. "కంప్యూటర్లో ఉండేదంతా ఇప్పుడు దీంట్లో ఉండాది జేజీ" అన్నాడు. వాడి ముఖంలో నేనెప్పుడూ చూడని వెలుగు. ఇంట్లో పుట్టిన వస్తువని నాకూ గర్వమేసింది.

వాడికి సంబంధాలు చూసే ఏడు అది. మా కులసంఘం వాళ్లు పెళ్లికావలసిన పిల్లల వివరాలు ఇంటర్నెట్లో పెట్టారు. మధ్యవర్తులను కూర్చోబెట్టి కాఫీలు పొయ్యాల్సిన పని తప్పిందని సంతోషించాను. మా కొడుకు మాత్రం, "నంద్యాలకు పోయి నెట్ సెంటర్లో పెద్దగా చూసొద్దామా అమ్మా?" అన్నాడు.

"నీ కొడుకు చేసిన వస్తువు ఇంట్లో పెట్టుకొని ఊరిమీద దుడ్లు పోసేదేంది? కూచో."

మిద్దె మీద కూర్చుని మనవడు ఒక్కొక్క పేజీ తీసి చదివాడు. గోత్రం, నక్షత్రం, ఎత్తు, చదువు. పిల్ల బొమ్మ గోరంత వచ్చేది. ప్రొద్దుటూరు పిల్ల దగ్గర ఆగాం. తండ్రికి బట్టల అంగడి. పిల్ల డిగ్రీ చదివింది, అంగట్లో తండ్రికి సాయంగా కూర్చుంటుంది. నక్షత్రం కలిసింది. అంగట్లో కూర్చునే పిల్ల అన్నమాట నాకు నచ్చింది. మూడు నిమిషాల్లో తేల్చేశాను.

పెళ్లిచూపులకు ప్రొద్దుటూరు పోయాం. పిల్ల చామనచాయ, కళ్లు నిదానం. చాప మీద నాకు ఎడమవైపు వచ్చి కూర్చుంది. అడిగినదానికల్లా నా ముఖం చూసి జవాబు చెప్పింది. నాకు అడ్డమైన ప్రశ్నలు అడగడం అలవాటు. దేనికీ తడబడలేదు. కాఫీ తాగేటప్పుడు ఆమె తండ్రి నాతో అన్నాడు.

"చెప్పవలసిందంతా ఆ పేజీలో రాసినాం అమ్మా. అంతా చూసుకున్నారు గదా? తరువాత మాట రాకూడదు."

"అంతా చూసినాం. కంప్యూటరు కూడా అక్కరలేదు మాకు, మా వాని ఫోన్లోనే మొత్తం వస్తాది."

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "ఫోన్లోనా?" అన్నాడు. మనవడు ఫోను తీసి ఆ పేజీ చూపించాడు. ఆయన ముచ్చటపడి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తెర మీద ఏముందో చదవకుండానే తిరిగి ఇచ్చాడు. కళ్లద్దాలు లేవు ఆయన దగ్గర. అప్పుడు ఆయన జేబులో కళ్లద్దాలు ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

తాంబూలాలు మహానందిలో పెట్టించాను. అక్కడ మా కులం సత్రం ఉంది. గదులకు ఎక్కువ అడగరు, వంటపాత్రలు వాళ్లే ఇస్తారు. రెండు వైపుల నుంచీ కలిపి అరవై మంది వచ్చారు. హాల్లో జంపఖానాలు పరిచారు. పిల్లను పీట మీద కూర్చోబెట్టారు. పళ్లెంలో పసుపు, కుంకుమ, వక్కాకు, కొబ్బరిగిటకలు.

నేను పిల్లకు ఎడమపక్కన, ఒకడుగు వెనక కూర్చున్నాను.

"అమ్మాయ్, ఆ పసుపు ఇట్ల జరుపు."

కదలలేదు. జనం మాటల్లో వినపడలేదేమో అనుకున్నాను. మళ్లీ పిలిచాను. తల తిప్పలేదు. మూడోసారి కొంచెం గట్టిగానే పిలిచాను. పొగరనుకున్నాను. అంతలో నా లోపల ఆ ఇనుప గొట్టం కదిలింది. ఒక ఇత్తడి చెంబు తీసి ఆమె ఎడమ మోకాలి పక్కన, జంపఖానా పరవని బండ మీద వదిలాను. హాల్లో అందరూ చూశారు. ఆ పిల్ల కుడివైపు చూసింది. చప్పుడు ఎటునుంచి వచ్చిందో ఆమెకు తెలియలేదు.

లేచి ఆమె ముందుకు వెళ్లాను. అందరూ చూస్తుండగా నా అరచేతితో ఆమె కుడి చెవి గట్టిగా మూశాను. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి నాలుగు మాటలు చెప్పాను. తరువాత చెయ్యి తీశాను.

"ఏం చెప్పినా? చెప్పు."

ఆమె పెదవులు కదల్లేదు. నేను ఆమె చెవిలో చెప్పింది ఏమంటే, "నీ చీర బాగుండాది." అంత చిన్న మాట. ఆమెకు అందలేదు.

"చెవిటి పిల్లను కట్టబెట్ట చూస్తాండారు" అన్నాను. గోడలకు తగిలి వెనక్కి వచ్చేంత గట్టిగా అన్నాను.

పిల్ల పీట మీద నుంచి లేవలేదు, ఏడవలేదు. "ఒక చెవి అవ్వా. ఎడమది. పేజీలో రాసినాం. నేనే మా నాయనతో పట్టుబట్టి రాయించినా. మీరు చూసే వచ్చినారనుకున్యా" అంది.

"దొంగసరుకు అమ్మి పైన అబద్ధమా?"

ఆమె తండ్రి ముందుకు వచ్చాడు. "అమ్మా, మా అంగట్లో చిరుగున్న గుడ్డను చిరుగు పైకి మడిచి పెడతాం. దాచి అమ్మిన దినం లేదు. నా బిడ్డ సంగతీ అట్లే రాసినా. మీ మనవడినే చూడమనండి."

మనవడి వైపు తిరిగాను. "ఏమప్పా, ఉండాదా దాంట్లో?"

వాడు ఫోను తీశాడు. సిగ్నలు కోసం గుమ్మం దాకా పోయాడు. పేజీ వచ్చాక పైనుంచి కిందికి జరిపాడు. మళ్లీ పైకి పోయి మళ్లీ కిందికి వచ్చాడు. రెండోసారి జరిపేటప్పుడు వాడి బొటనవేలు నడిమిలో ఒకచోట ఆగిపోయింది. అప్పుడు నాకు దాని అర్థం తెలియలేదు.

"లేదు జేజీ" అన్నాడు.

పిల్ల తండ్రి చేతులు జోడించాడు. "నంద్యాల అరగంట దోవ. నెట్ సెంటరు ఉండాది ఆడ. ఆటో నేను మాట్లాడతా. పెద్ద తెర మీద చూద్దాం రండి అమ్మా. దాంట్లో లేకుంటే మీరు ఏ మాటన్నా పడతా."

నలభై ఏళ్లు ప్రతి మూటా అడుగున గుచ్చినదాన్ని. ఆయన అడిగింది అదే, అడుగున గుచ్చి చూడమని. నేనేం చేశానంటే తాంబూలం పళ్లెం కాలితో తోశాను. కుంకుమ జంపఖానా మీద పడింది.

"ఒకసారి చూసిన మూటను మళ్లా గుచ్చే అలవాటు నాకు లేదు. పోండి."

అది అబద్ధం. అరవై మందిలో ఒక్కరైనా అది అబద్ధమని అనలేదు. మావాళ్లంతా బువ్వ తినకుండా లేచి వచ్చారు. వండిన అన్నం సత్రంలోనే ఉండిపోయింది. బస్సులో కూర్చున్నాక నన్ను బాధపెట్టింది ఆ అన్నమే. ఆ పిల్ల ముఖం గుర్తుకు రాలేదు.

అంతటితో ఊరుకున్నానా, లేదు. అంగటికి వచ్చినవాళ్లందరికీ చెప్పాను. పెళ్లిళ్లలో చెప్పాను, చావు పలకరింపులకు పోయినచోట చెప్పాను. "ప్రొద్దుటూరు బట్టలోళ్లు చెవిటి పిల్లను దాచిపెట్టి మాకు అంటగట్టబోయినారు" అని. మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోయేసరికి ఆ పిల్లకు రెండు చెవులూ పోయాయి. ఇంకొంచెం దూరం పోయేసరికి మూగదయింది. అది నా చెవిన పడినప్పుడు నేను సరిదిద్దలేదు.

ఏడాది తిరిగింది. కర్నూలు పక్కన కల్లూరులో చిన్న ఇల్లు కట్టుకుని కాపురం అక్కడికి మార్చాం. మనవడు తన పాత కంప్యూటరు తెచ్చి ముందుగదిలో పెట్టాడు. వాడికి వేరే సంబంధం కుదిరింది, ముహూర్తం నెల రోజులుంది. ఒకరోజు ఆళ్లగడ్డ నుంచి ఎవరో ఫోన్ చేశారు. ప్రొద్దుటూరు పిల్లను వాళ్ల కొడుక్కు అనుకుంటున్నారట. మీరు తాంబూలాలు తోసేసిన పిల్లేనట కదా, సంగతేమిటి అని అడిగారు. చెవిటిదని చెప్పాను. దాచిపెట్టారా అని అడిగారు. దాచిపెట్టారన్నాను. ఫోను పెట్టేశాక, వాళ్లు ఇప్పుడైనా రాశారో, ఇంకా దాస్తూనే ఉన్నారో చూడాలనిపించింది. ఇంకా దాస్తుంటే ఆళ్లగడ్డవాళ్లకు మళ్లీ ఫోన్ చేసి చెప్పొచ్చు. నేను ఆ పేజీ అడిగింది ఆ బుద్ధితోనే.

మనవడు సెలవుకు వచ్చి ఇంట్లోనే ఉన్నాడు. "ఆ ప్రొద్దుటూరు పిల్ల పేజీ తియ్యి" అన్నాను.

మొదటి రోజు లైను లేదన్నాడు. రెండో రోజు పేజీ తీసేశారన్నాడు. వెనకగదిలో సరుకు పెట్టుకుని అయిపోయిందనే వ్యాపారి గొంతు నాకు బాగా తెలుసు. మూడో రోజు మధ్యాహ్నం భోజనం పెట్టి, వాడు చెయ్యి కడుక్కుంటుంటే తువ్వాలు ఇవ్వకుండా పట్టుకుని నిలబడ్డాను.

"తియ్యి."

తీశాడు. తెర టీవీ అంత ఉంది. నడిమిలో అంతకుముందు నేను చూసినవే, గోత్రం, నక్షత్రం, ఎత్తు. ఇంగ్లీషు. ఎడమపక్కన బొమ్మ, అరచేయంత. కుడిపక్కన సన్నటి పట్టీ. ఆ పట్టీలో ఉన్నవి ప్రకటనలు కావు, తెలుగు మాటలు. డబ్బాలు కావు, అక్షరాలు.

"పక్కకు జరుగు. నేనే చదువుకుంటా" అన్నాను.

మూడో తరగతి చదువు దానికి చాలింది. వేలు తెర మీద పెట్టి కూడబలుక్కుని చదివాను. 'మా అమ్మాయికి చిన్ననాటి జ్వరం వల్ల ఎడమ చెవి వినపడదు. కుడి చెవి బాగా వినపడుతుంది. ఇది తెలిసి ఇష్టపడినవారే రావలెనని మనవి.' కింద, దాన్ని రాసిన తేదీ ఉంది. మహానందికి నాలుగు నెలల ముందుది.

మళ్లీ చదివాను. చదివేకొద్దీ మాటలు మారతాయేమోనని చదివాను.

"ఇది ఫోన్లో యాల రాల్యా?"

"ఆ పట్టీని పారేసే ప్రోగ్రాం నేనే రాసినా జేజీ. నువ్వూ చూస్తివి గదా."

"సత్రంలో నీకు తెలుసునా?"

"రెండోసారి చూసేటప్పుడు గుర్తొచ్చె. ఈళ్లు పట్టీలో రాసింటారేమో అనిపించె."

"అనిపిస్తే నోరు యాడ పెట్టుకుంటివి?"

"ఆ వారమే దాన్ని కొనేవాళ్లకు చూపిస్తాండాం. అరవై మందిలో మా వస్తువు తప్పు చూపించిందని ఎట్ల చెప్పేది?" కిందికి చూస్తూ, "ఇంకోటి, నాకూ ఆ పిల్ల వద్దనిపించె. నువ్వే తోసేస్తాంటే ఇంక నేనెందుకు అడ్డం రావల్ల?"

వాడిని కొట్టాలని చెయ్యి లేచింది. దిగింది. వాడు దాచింది ఒక్క పూట. నేను ఏడాది పాటు ఊరూరా పంచాను. వాడు ఒక మాట మింగాడు, నేను చెంబు వేశాను, చెవి మూశాను, పళ్లెం తన్నాను. మిద్దె మీద "పారెయ్యి, బరువు" అన్నదీ నేనే.

నా ముఖం చూసి వాడు ఓదార్పుగా అన్నాడు. "ఇప్పుడు ఆ పట్టీని పారేయడం లేదు జేజీ. పేజీకి అడుగున పెడతాండాం."

"అడుగు దాకా ఎవడు పోతాడురా?"

ఆళ్లగడ్డవాళ్లకు ఫోన్ చేశాను. వాళ్లు మంచివాళ్లే, ఓపికగా విన్నారు. "నిన్ననే వద్దని చెప్పినాం అమ్మా. మీ మాట మీదనే" అన్నారు.

వాడిని ప్రొద్దుటూరు పోయి నిజం చెప్పి రమ్మన్నాను. ముహూర్తం పెట్టుకుని ఆ గుమ్మం ఎట్లా ఎక్కేదన్నాడు. నేనే పోయాను. కర్నూలు నుంచి ఎర్రబస్సు, ఎండ, పొద్దున బయలుదేరితే మూడింటికి దిగాను. దోవ పొడుగునా మాటలు సర్దుకున్నాను. గంప సర్దినట్లే. ఇది పెట్టి, అది తీసి. ప్రొద్దుటూరు వచ్చేసరికి నాలుగే మాటలు మిగిలాయి.

అంగట్లో తండ్రి లేడు. సరుకుకు పోయాడట. పిల్ల ఒక్కతే గద్దె మీద కూర్చుని గుడ్డ కొలుస్తోంది. నలుగురు ఆడవాళ్లు బేరం చేస్తున్నారు. నన్ను చూసి గుర్తుపట్టింది. ముఖంలో ఏమీ మారలేదు.

"రా అవ్వా. కూచో" అని ఒక ముక్కాలిపీట జరిపింది. తన ఎడమపక్కకు జరిపింది.

కూర్చున్నాను. ఆమె కాలివేళ్లు చూశాను, మెట్టెలు లేవు. బేరాలవాళ్లు వింటారని గొంతు తగ్గించి చెప్పాను. పేజీలో రాసింది చూశానని, తప్పు మాదని, నేనన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నానని. ఆమె గజంబద్దతో కొలుస్తూనే ఉంది. ఒకటి, రెండు, మూడు. కత్తెర వేసింది, చించింది, మడిచింది, ఆ మనిషి చేతికిచ్చింది. అప్పుడు నావైపు తిరిగింది.

"ఏమన్యావు? ఈ పక్క వినపడదు గదా. నీకు తెలుసు."

పీట తీసుకుని ఆమె కుడిపక్కకు పోయాను. మళ్లీ నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇట్ల కాదు. గట్టిగా చెప్పు. ఆ పొద్దు సత్రమంతా వినపడేటట్ల చెప్పినావు గదా. అంత గట్టిగా."

నలుగురు ఆడవాళ్లూ బేరం ఆపి నా వైపు చూశారు. వాళ్లలో ఒకామె మా కులపుదే. నన్ను ఎక్కడో చూసినట్లు కళ్లు చిట్లించింది. నేను నోరు తెరిచాను. నలభై ఏళ్లు దళారులను అరిచి దారికి తెచ్చిన గొంతు. పిల్ల ఎదురుచూసింది. ఆమెకు తొందర లేదు. గజంబద్ద ఒళ్లో పెట్టుకుని, చేతులు దాని మీద పెట్టుకుని చూసింది.

"జాకెట్టు గుడ్డ కావల్ల" అన్నాను.

అది మాత్రం గట్టిగానే వచ్చింది.

ఆమె లేచి అరలో నుంచి ఒక ముదురు నీలం ముక్క తీసి నా ముందు పరిచింది. ఒక మూల వేలెడంత చిరుగు ఉంది. ఆ మూలను పైకి తెచ్చి, వేలు దాంట్లో దూర్చి చూపించింది.

"చిరుగు ఉండాది. బాగా చూసుకో. తరువాత చూడలేదనకు." నేను తల ఊపాను. "చిరుగు గుడ్డకు ధర తగ్గిస్తాం. అందరికీ తగ్గించేదే, నీకని కాదు."

గుడ్డ కాగితంలో చుడుతూ, వక్కాకు బేరం చెప్పినట్లు చెప్పింది. "నీ తరువాత రెండు సంబంధాలు వచ్చినాయి అవ్వా, ఆళ్లగడ్డోళ్లు కాకుండా. రెండు ఇండ్లోళ్లూ కుడి చెవి మూసి, ఈ చెవిలో ఏదో చెప్పి, ఏం చెప్పినామో చెప్పమని అడిగినారు. నువ్వు చేసిన మాదిరే. ఇప్పుడు మనోళ్లలో అది పద్ధతయి కూచుండాది."

పొట్లం నా చేతిలో పెట్టి, తరువాతి మనిషి వైపు తిరిగింది. "నీకేం కావల్ల అక్కా?"

బస్టాండులో కూర్చుని పొట్లం విప్పాను. చిరుగు పైకే మడిచి ఉంది. సూదీ దారం నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. తీసి, దారం ఎక్కించి, చిరుగు దగ్గర పెట్టి, కుట్టకుండా మళ్లీ చుట్టేశాను. కర్నూలు బస్సు వచ్చింది.